గోడల్లేని కల్లు కార్ఖానా

మీ ఊళ్లో మద్యం కథ చెప్పమంటే మ్యూనిక్ వాళ్లు బీరు కార్ఖానాలు చూపిస్తారు. నల్లగొండ, పాలమూరుల్లో మాత్రం తలెత్తి తాడిచెట్టును చూడాలి. గౌడన్న మోకు వేసుకుని, కాళ్లకు గుజి తొడిగి, నడుముకు ముస్తాదు కట్టుకుని ఎక్కుతాడు. గెల కొసను కత్తితో పలచగా గీసి లొట్టి కడతాడు. లొట్టి లోపల సున్నం పూస్తే చుక్క పులియదు, అది నీరా. పూయకపోతే గౌడన్న దిగేలోపే పాత లొట్టికి అంటుకున్న ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుపెక్కుతుంది. ఇలా నిలవుండని సరుకుకు గోదాములెందుకు? ఇక్కడి చరిత్రంతా చెట్టు ఎవరిదన్న తగాదాలోనే ఉంది.

ఆ తగాదాకు ముందే ఓ తిరుగుబాటు ఉంది. గీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, భువనగిరి మీదా పడ్డాడు. 1710లో మొగలు సేనకు అతణ్ని పట్టిచ్చినవాడు హుస్నాబాదులో కల్లు గీసేవాడేనని చరిత్రకారులు రాశారు. గౌడ సంఘాల సభల్లో పాపన్నను తలుస్తారు గానీ, ఈ ముక్క దాటేస్తారు!

నిజాం కాలంలో ఆబ్కారీ వేలం పాడిన కాంట్రాక్టరు యజమాని, చెట్టెక్కేవాడు కూలీ. చెట్టు పన్ను సర్కారుది. సూర్యాపేటలో 1922లో పుట్టిన బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను సంఘంగా నిలబెట్టారు. ఆయన 1952లో సూర్యాపేట ఎమ్మెల్యే, 1991లోనూ 1996లోనూ నల్లగొండ ఎంపీ. 

గీసేవాళ్లే సభ్యులుగా ఉండే సహకార సంఘాలతో చెట్టు వాళ్ల చేతికొచ్చింది. సంఘం లేనిచోట టీఎఫ్‌టీ లైసెన్సు, అంటే గీసేవాడికే చెట్టు.

అయితే చెట్లు చాలనిచోట మందు కల్లు దిగింది. పాలమూరు దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కల్లు తాగి ఆసుపత్రుల పాలైనవాళ్లున్నారు. అది కల్లు కానే కాదు. ఆ మాట ముందుగా గీత సంఘాలే గట్టిగా అనాలి.

చెట్టు మీంచి పడి చనిపోయే గీత కార్మికులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కోసమే 2024 జులైలో లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ అనే భద్రతా కిట్లు ఇవ్వడం మొదలైంది. పేరు గౌడల ఇలవేల్పుది. మోకుకు అలవాటుపడ్డ పెద్దవాళ్లకు కొత్త బెల్టు నేర్పడానికి ఓపిక కావాలి.

ఈ సంచిక అందుకున్న సంఘాల పెద్దలకు ఒక మనవి. తాటి, ఈత వనాల పెంపకానికి సంఘానికి 5 ఎకరాలు ఇవ్వాలంటున్న జీవో 560ని పట్టుకుని దరఖాస్తు పెట్టండి. పాత సభ్యత్వ రిజిస్టర్లు చెదలపాలు కాకముందే నకళ్లు తీయించండి.