అత్తయ్యగారి కుళ్లుగడ్డి

2023 ఏప్రిల్లో మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్లాను. అట్లాంటా శివార్లలో వాళ్ల ఇల్లు. అక్కడి టైముకి ఒళ్లు ఇంకా అలవాటు పడక, మూడో రోజు తెల్లవారకుండానే మెలకువ వచ్చేసింది. ఊరికే కూర్చోలేక తలుపు తీసుకుని బయటికొచ్చాను. గుమ్మానికి రెండు పక్కలా పూలమొక్కల కింద నిండా ముక్కలే! దాల్చినచెక్క విరిచి పోసినట్టు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. వడ్రంగి పని చేసినవాళ్లు చెత్త ఎత్తకుండా పోయారు కాబోలు అనుకున్నాను. గ్యారేజీలో చీపురు దొరికింది. ఇంకేం, గంటన్నరసేపు నడుం వంచి ఊడ్చి, మూడు సంచులకెత్తి, చెత్తడబ్బా పక్కన పెట్టాను. మట్టి కనిపించేసరికి ప్రాణం హాయిగా అనిపించింది.

అమ్మాయి లేచి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మా, అది చెత్త కాదమ్మా! పోయిన శనివారమే డబ్బులిచ్చి కొనుక్కొచ్చి పరిచాం."

చెత్తని డబ్బిచ్చి కొనడమేమిటి? అల్లుడు నవ్వాపుకుంటూ వివరంగా చెప్పాడు. అది పైన్ చెట్టు బెరడు. అక్కడ రెండు ఘనపుటడుగుల బస్తాల్లో అమ్ముతారు. మూడంగుళాల మందాన పరిస్తే ఒక బస్తా ఎనిమిది చదరపుటడుగులకి వస్తుంది. అంటే రెండడుగుల నాపరాళ్లు రెండు పరిచినంత మేర అన్నమాట. ఎండకి మట్టి ఆరిపోకుండా, కలుపు మొలవకుండా, వానకి మట్టి చిందకుండా కాపాడుతుందట. చూడ్డానికీ బాగుంటుంది. రెండు మూడేళ్లకి నెమ్మదిగా చివికి మట్టిలో కలిసిపోతుంది. దాన్ని మల్చ్ అంటారట.

నోరెత్తకుండా మూడు సంచులూ తిరిగి పరిచాను. పరుస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మాయి తన మాటకే నొచ్చుకున్నానని అనుకుంది. నాకు గుర్తొచ్చింది మా అత్తయ్యగారు.

ఆ సంగతికి వస్తాను. ముందు ఆ బెరడు కథ చెప్పాలి. ఆర్నెల్లు అక్కడ ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో అమ్మాయి చదివి చెప్పింది కొంత, నేను అడిగి తెలుసుకున్నది కొంత.

జార్జియా, ఆ చుట్టుపక్కల రాష్ట్రాలు పైన్ అడవులకి పెట్టింది పేరు. 1930ల్లో చార్లెస్ హెర్టీ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడి సవానా పట్నంలో పరిశోధనలు చేసి, ఆ పైన్ కర్రతో వార్తాపత్రికల కాగితం తయారుచేయొచ్చని చూపించాడు. తర్వాత దక్షిణాదిలో కాగితం మిల్లులు వరసగా లేచాయి. కాగితానికీ, కోత మిల్లులకీ కర్ర కావాలిగానీ బెరడు పనికిరాదు. అది కలిస్తే కాగితం మచ్చలు పడుతుంది. అందుకని ముందే ఒలిచేస్తారు. ఒలిచింది ఏం చెయ్యాలి? మిల్లుల వెనక కొండల్లా పోసేవారు, లేకపోతే పెద్ద పెద్ద ఇనప పొయ్యిల్లో కాల్చేసేవారు. ఊళ్లనిండా పొగ. 1970లో గాలి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చాక అలా కాల్చడం కష్టమైంది. మరోపక్క నర్సరీలవాళ్లు ఇదే బెరడు కుండీల్లోకి, మడుల మీదకి భేషుగ్గా పనికొస్తుందని కనిపెట్టారు. తగలబెట్టడానికి చోటు చాలనిది బస్తాకెక్కి బజారుకొచ్చింది.

పక్కింట్లో ఎనభయ్యేళ్లు దాటిన నల్లజాతి పెద్దావిడ ఉండేవారు. నేను బెరడు ఊడ్చిన కథ అమ్మాయి ఆవిడకి చెప్పేసింది. ఎగతాళి చేస్తారేమో అనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మా నాయనమ్మా నీలాగే ఊడ్చేది" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు జార్జియా పల్లెటూళ్లలో ఇంటి ముందు గడ్డి మొలవనిచ్చేవారు కాదట. అడవిలో సన్న కొమ్మలు విరిచి కట్టలు కట్టి, వాటితో వాకిలంతా ఉత్త మట్టి కనిపించేలా ఊడ్చేవారట. పాము వస్తే కనపడాలి, నిప్పంటుకుంటే ఇంటిదాకా పాకకూడదు, దోమలు చేరకూడదు. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికా వాళ్లతో వచ్చిన అలవాటది. తెల్లవాళ్ల పల్లె ఇళ్లలోనూ పాకింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లాన్లూ, గడ్డికోత యంత్రాలూ వచ్చాక మెల్లిగా పోయింది.

వింటుంటే ఒళ్లు పులకరించింది. మా దెందులూరు వాకిలికీ జార్జియా వాకిలికీ ఏం చుట్టరికం? అయినా చీపురు ఒకటే, పాము భయం ఒకటే. "మరి మీ నాయనమ్మగారు మొక్కల కింద కూడా ఊడ్చేవారా?" అని అడిగించాను. ఆవిడ ఆలోచించి, "లేదు, కూరమడి వేరు, వాకిలి వేరు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మల్చ్ అనే మాట ఇంగ్లండు తోటల్లో పదిహేడో శతాబ్దంలో వాడుకలోకి వచ్చిందట. అప్పట్లో దానర్థం తడిసి సగం కుళ్లిన గడ్డి. పైన్ బెరడూ కాదు, రంగురాళ్లూ కాదు. ఉత్త కుళ్లుగడ్డి!

1987లో నేను దెందులూరు కోడలిగా వచ్చాను. మాకు పల్లంలో వరి, మెట్టలో కాస్త కొబ్బరి. అత్తయ్యగారి పుట్టిల్లు కొల్లేటి లంక. ఆవిడ కాపరానికి వచ్చినప్పుడు వాళ్లమ్మగారి పెరట్లోంచి తమలపాకు తీగ ముక్క తెచ్చుకుని, మా నూతి పక్కన అవిశ చెట్టుకి పాకించారు. ముప్ఫయ్యేళ్ల పాదు. దాని మొదట్లో ఎప్పుడూ నల్లగా, ముద్దగా గడ్డి ఉండేది. గడ్డిమేటు అడుగున వానకి తడిసి పశువులు ముట్టని గడ్డి తెచ్చి అక్కడ వేసేవారు. బీరపాదుకీ, ఆనపపాదుకీ, కనకాంబరాలకీ అంతే. "నేల ఒళ్లు దాచుకోవాలమ్మాయ్" అనేవారు.

నాకు ఏలూరులో డిగ్రీ చదివొచ్చిన గర్వం. ఆ కుళ్లు చూస్తే అసహ్యం. 1988 వేసవిలో ఒకరోజు అందులోంచి జెర్రి ఒకటి పాకింది. అత్తయ్యగారు పెళ్లికని కైకలూరు వెళ్లారు. మనిషిని పెట్టి గడ్డంతా లాగించి, పెరటి మూల పోగేసి తగలబెట్టించాను. అద్దంలా ఊడిపించాను. ఆవిడ వచ్చి చూశారు. ఒక్క మాటన్లేదు. పొద్దున ఒక బిందె పోసేచోట రెండు పూటలా రెండేసి బిందెలు మోయడం మొదలెట్టారు. రోహిణి కార్తె ఎండకి తమలపాకు పాదు పైనుంచి కిందకి వాడిపోయింది. దాని వేళ్లు పైపైనే ఉంటాయి, మట్టి కాలితే తట్టుకోలేదు. ఆ తర్వాత పోయేవరకూ ఆవిడ బజారు ఆకులే వేసుకున్నారు. 2009లో పోయారు. పాదు ఎందుకు చచ్చిపోయిందో ఆవిడకి తెలుసు, నాకే తెలియదు. ముప్ఫయ్యయిదేళ్ల తర్వాత అట్లాంటాలో బెరడు పరుస్తూ తెలుసుకున్నాను.

మేటు అడుగు గడ్డే ఎందుకు, మంచి గడ్డి ఎందుకు వెయ్యలేదని మీరడగొచ్చు. గడ్డి విలువ అప్పట్లో అంతటిది. దీనికీ ఒక చరిత్ర ఉంది.

1832-33ల్లో డొక్కల కరువు మన జిల్లాల్ని తుడిచిపెట్టింది. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక కాలవలు వచ్చాయి, వరి వచ్చింది. వరితోపాటే గడ్డీ వచ్చింది. గింజ ఎంత పండితే గడ్డి ఇంచుమించు అంత. అయినా మిగిలేది కాదు. దున్నే ఎద్దులూ, పాడి గేదెలూ దానిమీదే బతకాలి. ఇళ్ల కప్పులకి కావాలి. మామిడిపళ్లు మాగెయ్యడానికి కావాలి. అన్నీ పోగా ఎవరికీ పనికిరానిది మాత్రమే మొక్కల మొదట్లోకి. ఊకా అంతే, పొయ్యిలోకీ ఇటుక బట్టీలకీ పోయేది. కొల్లేటి లంకల్లో కిక్కిస గడ్డి కప్పులకి వాడుకునేవారు. మన పెద్దవాళ్లు మొక్కకిచ్చింది అన్ని చేతులూ మారిన చివరి ముక్క.

తర్వాత గడ్డే మారిపోయింది. పాత వరి మనిషి నడుము దాటి పెరిగేది. 1967లో మన జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ పొట్టి వరి గింజ బరువుకి పడిపోదు, దిగుబడి ఎక్కువ, గడ్డి మాత్రం పొట్టి. 1982లో మార్టేరు నుంచి స్వర్ణ వచ్చింది, అదే ఎంటీయూ 7029. అదీ పొట్టిదే. కడుపు నిండింది, దానికి పేరు పెట్టను. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి. కోత మిషన్లొచ్చాక గడ్డి నలిగి చేలోనే పడిపోతోంది. ఎత్తించే కూలి గిట్టక చాలామంది నిప్పు పెట్టేస్తున్నారు. పైన్ మిల్లులవాళ్లు కాల్చడం మానిన దారినుంచి మనం కాల్చే దారికి వచ్చాం.

మా ఇంట్లోనూ 1995లో మేటు తీసేశాం. పెరడు సగం సిమెంటు చేయించాం. మిగతా సగంలో రాలిన ఆకులు రోజూ ఊడ్చి తగలబెట్టేదాన్ని. సాయంత్రానికి ఆ పొగ వాసనే శుభ్రం వాసన అనుకునేదాన్ని.

అలాగని అత్తయ్యగారి విద్య పూర్తిగా పోలేదు. పెదవేగిలో 1995 నుంచి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది కదా, మా మెట్టంతా ఇప్పుడు ఆ తోటలే. కొట్టిన మట్టల్ని పారెయ్యకుండా చెట్టు పాదుల్లోనే పరుస్తారు. సుభాష్ పాలేకర్ గారి ప్రకృతి సేద్యంలో నాలుగు మూలస్తంభాల్లో ఆచ్ఛాదన ఒకటి. 2015-16 నుంచి మన ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ఆ సేద్యం నేర్పిస్తోంది. జపాన్ రైతు ఫుకువోకా అయితే చేలోని గడ్డిని చేలోనే పరచమని 1975లో ఒక పుస్తకమే రాశాడు. అత్తయ్యగారికి ఈ పేర్లేవీ తెలియవు.

తిరిగొచ్చాక నేనేం చేశానో చెప్తాను, మీకూ పనికొస్తుంది. పైన్ బెరడు ఇక్కడ ఆన్‌లైన్లో చిన్న సంచుల్లో దొరుకుతుంది. కుండీల మీద అందానికైతే సరే, పెరటికి దండగ. మన చుట్టూ ఉన్నది చాలు. పాదులకీ కూరమడికీ వరిగడ్డి నాలుగంగుళాలు వేస్తాను, నాలుగు రోజుల్లో అణిగి సగమవుతుంది. పెద్ద చెట్ల కింద కొబ్బరి డొక్కలు. పూలకుండీల్లో కొబ్బరి పొట్టు. కాలవలో గుర్రపుడెక్క ఉందనుకోండి, పచ్చిది వెయ్యకండి, పూర్తిగా ఎండబెట్టాకే వెయ్యండి. ఏది వేసినా మొక్క కాండానికి బెత్తెడు ఎడం ఉంచాలి, అంటుకుంటే మొదలు కుళ్లుతుంది. గోడకి మూరెడు దూరం ఉంచాలి, చెదలు మన ఊళ్లలో ఊరుకోవు. జెర్రి భయం నాకింకా ఉంది, అబద్ధం చెప్పను. గడ్డి కదిపేముందు కర్రతో తట్టి, చేతికి తొడుగు వేసుకుంటాను.

వాకిలి మాత్రం రోజూ ఊడ్చి కల్లాపి జల్లి ముగ్గు పెడతాను. ముగ్గుకి మట్టి కనపడాలి, మొక్కకి కనపడకూడదు. పక్కింటావిడ నాయనమ్మకీ, మా అత్తయ్యగారికీ తెలిసిన తేడా ఇదే. నాకు డిగ్రీ చదివినా తెలియలేదు.

పోయిన కార్తీకంలో కొల్లేటి లంకకి వెళ్లాను. అత్తయ్యగారి పుట్టింట్లో ఇప్పుడు మేనల్లుడి కొడుకు ఉంటున్నాడు. పెరడు చాలావరకు పోయింది, కానీ తమలపాకు తీగ దడి పక్కన ఇంకా ఉంది. రెండు కణుపుల ముక్క అడిగి తెచ్చి నూతి పక్కనే పెట్టాను. అది అదే తీగ అవునో కాదో చెప్పేవాళ్లెవరూ లేరు. మొదట్లో కుళ్లుగడ్డి వేశాను. ఈ రోహిణి దాటితే బతికినట్టే.

మీ అమ్మగారో అత్తగారో పాదుల్లో ఏం వేసేవారో గుర్తుందా? గుర్తులేకపోతే, వాళ్లుండగానే అడగండి.