అమృతాంజనం (ప్రచార చరిత్ర)

అమృతాంజనం తెలుగువారు నెలకొల్పిన తొలితరం వ్యాపార నామాల్లో ఒకటి. పసుపుపచ్చని తలనొప్పి మందు. సృష్టికర్త కాశీనాథుని నాగేశ్వరరావు 1867లో గుడివాడ తాలూకా ఎలకుర్రులో పుట్టి, బందరులో చదువుకున్నారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడయ్యాక కలకత్తాలో మందుల వ్యాపారంలో మెళకువలు నేర్చి, 1893లో బొంబాయిలో సొంత సంస్థ ప్రారంభించారు.

మందుకు పేరు తెచ్చిన ఎత్తుగడ చాలా చవకైనది. సంగీత సభల్లో శ్రోతలకు అమృతాంజనం ఉచితంగా పంచేవారు. కచేరీకి వచ్చినవారు దాని ఘాటు వాసనతోనే ఇంటికి వెళ్లేవారు.

తర్వాతి ప్రచారం అచ్చులో సాగింది. నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా స్థాపించారు, 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. 1924లో సాహిత్య మాసపత్రిక ‘భారతి’ వచ్చింది. మందు లాభాలు పత్రికలను పోషిస్తే, పత్రికలు మందు పేరును తెలుగు ఇళ్లకు చేర్చాయి.

1936లో సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. నాగేశ్వరరావు 1938లో మరణించారు.

2011లో ‘ఫ్రూట్‌నిక్’ను కొనుగోలు చేసి, సంస్థ పండ్ల పానీయాల రంగంలోకీ ప్రవేశించింది.