మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ: వడ్ల ఆర్థికం, ప్రభుత్వ విధానాలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, పూర్వపు నల్గొండ జిల్లా దక్షిణ, తూర్పు భాగాల్లో పెరిగిన వరి సాగు, బియ్యం మిల్లుల వ్యవస్థే ఈ వడ్ల ఆర్థికం. మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల దీనికి ప్రధాన కేంద్రాలు. సూర్యాపేట మార్కెట్ యార్డును దీని ఉత్తరపు అంచుగా చెప్పవచ్చు. 2016 అక్టోబరు 11న జిల్లాలను విడదీసినప్పుడు కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. కాబట్టి ఆ ఏటికి ముందు, తర్వాతి జిల్లా లెక్కలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆసియాలో ఎక్కువ బియ్యం మిల్లులున్న ఊరు మిర్యాలగూడే అని పత్రికలు తరచు రాస్తుంటాయి. మిల్లుల సంఖ్యే ఒక్కో కథనంలో ఒక్కో రకంగా కనిపిస్తుంది కనుక ఈ మాటను ఊరిమీది అభిమానంగా తీసుకోవడం మేలు.

నీరు, రైలు, రోడ్డు

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ప్రాజెక్టు పూర్తయిన సంవత్సరం విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు: కొందరు 1967 అంటే, కొందరు 1969 అంటారు, గేట్ల పని ముగియడాన్ని లెక్కలోకి తీసుకున్నవారు 1974 అంటారు. వడ్ల చరిత్రకు వీటిలో 1967 చాలు. లాల్ బహదూర్ కాలువగా పిలిచే ఎడమ కాలువ పొడవు సుమారు 179 కిలోమీటర్లు. దాని ఆయకట్టు నల్గొండ, ఖమ్మం దాటి పూర్వపు కృష్ణా జిల్లా దాకా పోతుంది. సూర్యాపేట పరిసరాలకు మూసీ ప్రాజెక్టు నీరు, ఇటీవలి కాలంలో శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల నీరు కూడా అందుతున్నాయి.

మిర్యాలగూడకు సికింద్రాబాద్-గుంటూరు రైలు మార్గం, నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి కలిసొచ్చాయి. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్-విజయవాడ రహదారి మీద ఉన్నాయి. మిల్లులతోపాటు తవుడు నూనె, ఊక బాయిలర్లు, నూకల వ్యాపారం కూడా పెరిగాయి. కోదాడ వైపు మేళ్లచెరువు, మఠంపల్లి సున్నపురాయి మీద సిమెంటు పరిశ్రమ ఉన్నందున అక్కడ వడ్లే సర్వస్వం కావు. మిర్యాలగూడకు అలాంటి రెండో ఆధారం తక్కువ.

లెవీ కాలం

రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం 1983లో మొదలైంది. దానికి, ఆ తర్వాతి రేషన్ పథకాలకు కావలసిన బియ్యంలో పెద్ద భాగం లెవీ ద్వారా వచ్చేది. మిల్లరు తన సొమ్ముతో, లేదా బ్యాంకు అప్పుతో, రైతు దగ్గర వడ్లు కొంటాడు. ఆడించిన బియ్యంలో నిర్ణీత వాటాను సర్కారు కట్టిన ధరకు భారత ఆహార సంస్థకు అప్పగిస్తాడు. మిగిలినదాన్ని పర్మిట్ల మీద బయట అమ్ముకుంటాడు. ఉమ్మడి రాష్ట్రంలో చివరి ఏళ్లలో లెవీ వాటా 75 శాతం దాకా ఉండేది. మద్దతు ధర రైతుకు చేరడం లేదన్నది ఈ పద్ధతి మీద ప్రధాన విమర్శ. తేమ, తాలు పేరుతో తరుగు తీస్తారన్న ఫిర్యాదు లెవీ పోయాక కూడా వినిపిస్తూనే ఉంది కాబట్టి, దాన్ని లెవీ ఒక్కదానికే అంటగట్టలేం.

కేంద్రం 2014-15 సీజన్‌ నుంచి లెవీని 25 శాతానికి కుదించింది. 2015 అక్టోబరు 1 నుంచి పూర్తిగా ఎత్తేసింది. ఈ ప్రాంత వడ్ల విధానం గురించి రాసేవారు సాధారణంగా 2021-22 నాటి ఉప్పుడు బియ్యం గొడవకు ఎక్కువ చోటిస్తారు. అసలు మలుపు 2015దే అనిపిస్తుంది. అప్పటిదాకా వడ్లు మిల్లరువి. ఆ తర్వాత మిల్లులో ఉన్న వడ్లలో అధిక భాగం సర్కారువి.

సీఎంఆర్

లెవీ స్థానంలో విస్తరించిన పద్ధతి కస్టమ్ మిల్లింగ్, అందరి నోటా సీఎంఆర్. ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కేంద్రాల్లో పౌరసరఫరాల సంస్థ తరఫున వడ్లు కొంటారు. తేమ 17 శాతం దాటకూడదు. అందుకే కోతల కాలంలో రోడ్ల అంచులు, కళ్లాలు వడ్లతో నిండిపోతాయి. మిల్లుకు చేరిన ప్రతి క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. తవుడు, ఊక మిల్లరుకే దక్కుతాయి.

యాసంగి పంట ఏప్రిల్, మే ఎండల్లో చేతికొస్తుంది. ఆ వడ్లను నేరుగా ఆడిస్తే గింజ విరిగి నూక ఎక్కువవుతుంది. నూక ఎంతన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఆహార సంస్థ పచ్చి బియ్యంలో 25 శాతం మించి నూకను ఒప్పుకోదు. నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి ఆడిస్తే గింజ గట్టిపడుతుంది. తెలంగాణలో యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యంగా మారడానికి కారణం ఇదే. ఇక్కడివాళ్లు దాన్ని పెద్దగా తినరు.

ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం చెప్పడంతో 2021లో వివాదం రేగింది. 2021 నవంబరు 18న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు హైదరాబాద్ ఇందిరాపార్కు వద్ద, 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నా చేశారు. మర్నాడే యాసంగి వడ్లు తామే కొంటామని రాష్ట్రం ప్రకటించింది. మిల్లర్లు అప్పగించాల్సిన సీఎంఆర్ బకాయిలు పేరుకున్నాక 2022-23 యాసంగి వడ్లలో సుమారు 35 లక్షల టన్నులను 2024 ఆరంభంలో టెండర్లకు పెట్టారు. అదే ఏడాది మిల్లర్ల నుంచి బ్యాంకు గ్యారంటీ అడిగే నిబంధన వచ్చింది.

నైజీరియా సంగతి

ప్రధానంగా చమురు మీద ఖజానా నడిచే నైజీరియా తీసుకునే నిర్ణయాలు ఈ మిల్లుల దాకా రావడం వింతేమీ కాదు. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ఉప్పుడు బియ్యం వెళ్తుంది. నైజీరియాకు చేరే సరుకు కొంత పొరుగున ఉన్న బెనిన్ మీదుగా పోతుందన్నది వ్యాపారంలో అందరికీ తెలిసిన మాటే. 2014 మధ్యలో బ్యారెల్‌కు వంద డాలర్లు దాటి ఉన్న చమురు 2016 జనవరి నాటికి 30 డాలర్ల దిగువకు పడింది. అప్పటికే, 2015 జూన్‌లోనే, నైజీరియా కేంద్ర బ్యాంకు 41 సరుకుల దిగుమతికి అధికారిక విదేశీ మారకం ఇవ్వడం మానేసింది. ఆ జాబితాలో బియ్యం ఉంది. 2019 ఆగస్టులో సరిహద్దులు మూసి, 2020 డిసెంబరులో తెరవడం మొదలుపెట్టారు. 2023లో పెట్రోలు సబ్సిడీ తీసేశారు, నైరా విలువను మార్కెట్‌కు వదిలారు, అక్టోబరులో విదేశీ మారకం ఆంక్షలు ఎత్తేశారు.

సరిగ్గా ఆ ఏడాదే ఢిల్లీ ఎగుమతులకు తలుపు మూసింది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. 2024 సెప్టెంబరులో దాన్ని సగం చేసి, అక్టోబరు 22న పూర్తిగా తీసేశారు.

సన్నాల వైపు

మిర్యాలగూడ మిల్లుల సొంత వ్యాపారానికి సన్నాలే, అంటే సన్న రకం వడ్లే ఆధారం. కోత యంత్రం నుంచి దిగిన పచ్చి వడ్లను ట్రాక్టర్లలో నేరుగా మిల్లుకు తోలడం ఇక్కడి అలవాటు. రాష్ట్రం సన్నాలు వేయమన్న 2020 వానాకాలంలో సరుకు ఒక్కసారిగా మీద పడింది. రద్దీని అదుపు చేయడానికి అధికారులు టోకెన్లు పంచారు. టోకెన్ కోసం రైతులు బారులు తీరారు.

2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకాన్ని ప్రారంభించారు. ఇన్నాళ్లూ మిల్లరు బయట మార్కెట్‌కు కొనుక్కునే సన్నాలకు ఇప్పుడు సర్కారు కూడా పోటీదారు. 2024-25లో ఏ గ్రేడు మద్దతు ధర 2,320 రూపాయలు, బోనస్‌తో కలిపి 2,820. అయితే బోనస్ కొనుగోలు కేంద్రంలోనే దొరుకుతుంది. అక్కడ వడ్లు ఆరాలి, వరుస రావాలి, గన్నీ సంచులు అందాలి, లారీ దొరకాలి. మిల్లు దగ్గర ధర తక్కువైనా పచ్చి వడ్లకే కాంటా పడుతుంది. వాన మబ్బు కనిపించిన రోజు రైతు ఎటు తోలతాడన్నది ఆ రెండు ధరల మధ్య తేడాను బట్టి ఉంటుంది.