నమూనా నౌకలపై కొయ్యచార: పదార్థసత్యం, దృశ్యసత్యం

ఓడ కొలతలను నలభై ఎనిమిదో వంతుకు తగ్గించడం శిల్పికి సాధ్యమే. ఆ ఓడను కట్టిన కొయ్య మాత్రం కుదింపునకు లొంగదు. ఓక్ కొయ్యలో వసంతకాలపు వలయంలో ఏర్పడే నాళాల వ్యాసం సుమారు 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అసలు ఓడ పలకపై అది కంటికి ఆనని రంధ్రం. అదే కొయ్యతో 1:48 నిష్పత్తిలో నమూనా చేస్తే ఆ రంధ్రం ఓడపై 14 మిల్లీమీటర్ల గుంటకు సమానమవుతుంది. కనుక ఓక్ ఓడ నమూనాను ఓక్‌తోనే చేసినవాడు పదార్థం విషయంలో సత్యవంతుడు, రూపం విషయంలో కాదు. నమూనాలను చారిత్రక ఆధారాలుగా స్వీకరించే పరిశోధకునికి ఇది కేవలం హస్తకళకు సంబంధించిన చిక్కు కాదు. ఉపరితలంపై కనిపిస్తున్న కొయ్య దేనికి సాక్ష్యమన్నది ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ చిక్కును తొలినాళ్లలోనే గుర్తించిన వారిలో ఇంగ్లండు నమూనాకారులు ముఖ్యులు. 17వ శతాబ్ది మధ్యభాగం నుంచి 18వ శతాబ్ది ద్వితీయార్ధం వరకు అక్కడ తయారైన యుద్ధనౌకల నమూనాలను నేవీ బోర్డ్ నమూనాలని వ్యవహరిస్తారు. నౌకాదళ పరిపాలనలో కీలకపాత్ర వహించిన శామ్యూల్ పెపీస్ ఇటువంటి నమూనాలను సేకరించాడు. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం, అమెరికాలోని అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీ మ్యూజియం వీటికి ప్రధాన నిలయాలు. వీటిలో అధికభాగం పావు అంగుళం ఒక అడుగుకు సమానమనే లెక్కన, అంటే 1:48లో తయారైనవి. ఓడలు ఓక్‌వి. నమూనాలలో ఎక్కువగా కనిపించేవి బాక్స్‌వుడ్, పియర్ వంటి కొయ్యలు. వీటి నాళాలు అతిసూక్ష్మం. చార కంటికి దాదాపు కనిపించదు. పన్నెండు అంగుళాల పలక పావు అంగుళానికి తగ్గినప్పుడు దానిపై చార కనిపించకపోవడమే సరైన నిష్పత్తి. ఓక్‌ను చూపడానికి ఓక్‌ను విడిచిపెట్టడం ఈ సంప్రదాయంలోని ప్రధాన నిర్ణయం.

అయితే ఈ నమూనాల మెరిసే పసుపువన్నెను నాటి ఓడల రంగుగా భావించడం పొరపాటు. నాటి ఓడల నీటిమట్టం దిగువ భాగానికి కొవ్వు, రోజనం, గంధకం వంటి వాటితో చేసిన తెల్లని పూత పూసేవారు. నమూనాలలో ఆ భాగాన్ని పలకలు వేయక, లోపలి పక్కటెముకలు కనిపించేలా తెరిచి ఉంచారు. ఆ ఎముకల అమరిక సైతం చాలావరకు సంప్రదాయబద్ధమైన అలంకరణే. ఓడరేవులో జరిగిన నిర్మాణానికి యథాతథ ప్రతిబింబం కాదు. ఈ నమూనాలు ఓడ ఆకృతికి, శిల్పాలంకారానికి గట్టి సాక్ష్యాలు. కొయ్య వన్నెకు, కూర్పుకు అంత గట్టి సాక్ష్యాలు కావు.

కొయ్యను రంగుతో అనుకరించే విద్య మరోచోట పెరిగింది. బ్రిటన్‌లో ఇళ్లకు రంగులు వేసే పనివారు చవకరకం చెక్కపై లేతవన్నె పూత వేసి, అది ఆరిన తరువాత పలుచని ముదురు పూత పరచి, తడి ఆరకముందే దువ్వెనతో, కుంచెతో గీస్తూ ఓక్, మహాగని చారలను సృష్టించేవారు. బోల్టన్‌కు చెందిన థామస్ కెర్షా ఇందులో అగ్రగణ్యుడు. 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో బహుమతి పొందాడు. ఆయన చిత్రించిన పలకలు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకు రెండేళ్ల ముందు, 1849లో, జాన్ రస్కిన్ ‘ది సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’లో ఒక పదార్థాన్ని మరొకటిగా కనిపించేలా రంగు వేయడాన్ని మోసమని ఖండించాడు. భవనం విషయంలో ఆ ఖండనకు బలం ఉంది. నమూనా విషయంలో అది నిలవదు; ఇక్కడ అసలు పదార్థమే చూపరిని తప్పుదారి పట్టిస్తుంది.

ప్లాస్టిక్ రాకతో ఈ విద్య నమూనాకారుని బల్లపైకి చేరింది. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో ‘గోల్డెన్ హైండ్’ ఓడను పాలీస్టైరీన్ భాగాలుగా విడుదల చేసింది. ప్లాస్టిక్‌కు చార లేదు. ఆ లోటును పూడ్చడానికి అచ్చులలోనే చారలు చెక్కే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ గీతలు తరచు నిష్పత్తికి మించి లోతుగా ఉండి, వదిలించుకున్న సమస్యనే వెనక్కి తెచ్చాయి. నేర్పరులైన నమూనాకారులు ఇళ్ల రంగులవారి క్రమాన్నే సూక్ష్మరూపంలో పాటించారు: లేత గోధుమవన్నె అడుగుపూత, దానిపై నూనెరంగును దాదాపు పొడికుంచెతో ఒకే దిశలో లాగడం, చివర పలుచని వార్నిష్. ఒక్కో పలకకు వన్నెలో స్వల్పభేదం చూపడం ఇందులో కీలకం. దూరం నుంచి చూసినప్పుడు కొయ్య అనిపించేది చారవల్ల కాదు, పలకకూ పలకకూ ఉన్న ఆ తేడావల్ల.

20వ శతాబ్దపు యుద్ధనౌకల వద్ద చిక్కు మరింత తీవ్రం. నాలుగు అంగుళాల టేకు పలక 1:350లో 0.3 మిల్లీమీటర్లకు లోబడుతుంది. ఇటీవల వాటి డెక్కులకోసం లేజరుతో గీతలు కోసిన పలుచని నిజమైన చెక్క రేకులు విపణిలోకి వచ్చాయి. రంగుతో వెళ్లగొట్టిన కొయ్య ఇలా మళ్లీ ప్రవేశించింది, దానితోపాటు దాని చార కూడా. అంతకంటే విచారించవలసినది మరొకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా నౌకాదళం విమానాల కంట పడకుండా కొయ్య డెక్కులకు ముదురు నీలిరంగు వేయించింది. అటువంటి నౌకపై తేనెవన్నె టేకును ఎంత నేర్పుగా చూపినా, అది ఆ కాలానికి చెందిన దృశ్యం కాదు.

సంగ్రహాలయాలలో ఈ పదార్థసత్యానికి మరో మూల్యం చెల్లించవలసి వస్తున్నది. ఓక్ వంటి కొయ్యలు ఏళ్ల తరబడి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని వెలువరిస్తాయి. గాలి చొరబడని గాజుపెట్టెలో అది సీసంతో పోతపోసిన ఫిరంగులను, లంగరులను తినివేస్తుంది. తొలుత వాటిపై తెల్లని పొడి కనిపిస్తుంది. క్రమంగా ఆకృతే రాలిపోతుంది. అందువల్ల నమూనాల ప్రదర్శనపెట్టెలకు కొయ్య బదులు గాజు, లోహం వాడి, గాలి ఆడే మార్గం ఉంచాలని సంరక్షకులు నేడు సూచిస్తున్నారు.