హిమ్రూ, మష్రూ: రెండు ముఖాల నేత

ఉన్ని అల్లే గృహిణులలో కొందరు ‘బ్రియోష్’ అనే అల్లికను ఎరిగే ఉంటారు. అందులో రెండు రంగుల ఉన్నితో ఒక్కొక్క వరుసను రెండుమార్లు అల్లుతారు. ముందువైపు ఒక రంగు, వెనుకవైపు మరొక రంగు పైకి తేలుతుంది. ఒక దారంతో చేయి తిరిగినవారు సైతం రెండవ దారం చేరగానే తడబడడం కద్దు. ఇటువంటి చిక్కునే మగ్గం మీద తరతరాలుగా విప్పుకొన్న నేతగాండ్రు మన దక్కనులో ఉన్నారు.

మష్రూ అనగా ధర్మసమ్మతమైనదని అర్థం. పురుషులు శుద్ధమైన పట్టు ధరించరాదని ఇస్లాం ధర్మశాస్త్రం చెబుతున్నది. అందుచేత పడుగు పట్టుదీ, పేక నూలుదీ పెట్టి, పట్టు పైకి మెరిసేటట్లు, నూలు ఒంటికి తగిలేటట్లు నేశారు. నియమమూ దక్కింది, నవాబుగారి నిగనిగా దక్కింది!

హిమ్రూ అంతకంటె క్లిష్టమైన పని. నూలు పడుగు మీద పట్టు పేకతో పువ్వులు తేలుస్తారు. పువ్వుకు అక్కరలేని చోట ఆ పోగు వెనుకవైపు వదులుగా సాగిపోతుంది. ఆ వదులు పోగులే మెత్తని పొరగా ఏర్పడి చలికాలపు షేర్వాణీకి వెచ్చదనమిస్తాయి. పోగు బిగిస్తే గుడ్డ ముడుచుకొంటుంది, మరీ వదిలితే పువ్వు చెదురుతుంది. సాదా నేత నేర్చినవానికి అసలు పరీక్ష ఇక్కడనే. పైగా నమూనా అంతా ‘జాలా’ అనే దారాల కట్టులో ఇమిడి ఉండేది. ఒకరు ఆ దారాలను వరుస తప్పక లాగుతుంటే మరొకరు నేయాలి. ఈ నడిమి మెట్టు దాటేవరకు కూలి ఇచ్చి నిలిపే పోషకుడు కావాలి.

1763లో నిజాం అలీఖాన్ రాజధానిని హైదరాబాదుకు మార్చినా, హిమ్రూకు ఔరంగాబాదే ప్రధాన కేంద్రంగా నిలిచింది. చార్మినారు చుట్టుపట్ల దేవిడీలలోని ప్రభువులు ఆ సరుకును ఆదరించారు. 1948లో నిజాం పాలన ముగిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1956లో ఔరంగాబాదు బొంబాయి రాష్ట్రంలో చేరిపోయింది. జాగీర్ల రద్దు రైతుకు మేలే చేసింది. మగ్గానికి మాత్రం కొనేవాడు కరవయ్యాడు.

ఈ విద్యను మన నగరంలో తిరిగి నిలబెట్టినవారు సురయ్యా హసన్ బోస్. ఢిల్లీలో చేనేత ఎగుమతుల సంస్థలో పనిచేసి వచ్చిన ఆమె, దర్గా హుస్సేన్ షావలీ సమీపాన మగ్గాలు వేయించారు. మగ్గం ఎరుగని స్త్రీలను కూర్చుండబెట్టి నేర్పించారు. వారిలో వితంతువులు అనేకులు. ఆవరణలోనే నేతవారి పిల్లలకు పాఠశాల పెట్టి, 1943లో జలాంతర్గామిలో నేతాజీ వెంట ప్రయాణించిన తమ బంధువు ఆబిద్ హసన్ సఫ్రానీ పేరు దానికి ఉంచారు. 2021లో ఆమె మరణించేనాటికి, ఆ స్త్రీలలో పలువురు హిమ్రూ నేతలో ఆరితేరి ఉన్నారు.