తవ్వకానికి అనుమతి: అమరావతి దిబ్బ నుంచి శిలాజాల దాకా

తెలుగునాట పురావస్తు తవ్వకాల చరిత్ర అనుమతుల ఊసే లేని కాలంతో మొదలవుతుంది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చేనాటికే, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్టణానికి అక్కడి స్తూపపు దిబ్బ ఇటుకలూ రాళ్లూ సమకూర్చే గనిగా మారింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, వాటిలో అనేకం లండనుకు తరలాయి. 1877లో రాబర్ట్ సూయల్ కొంత భాగాన్ని తవ్వి వివరాలు నమోదు చేసినా, 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంపై దిబ్బనంతా తోడించడంతో, మరుసటి ఏడాది జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ పెద్ద గొయ్యి మిగిలింది. ఏ ఫలకం ఏ చోట నిలిచి ఉండేదో చెప్పగల సాక్ష్యం చాలావరకు మట్టితోపాటే పోయింది.

చట్టం మొదట వస్తువునే చూసింది, దాని చోటును చూడలేదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల పాతర దొరికినవారు కలెక్టరుకు తెలపాలి. 1904 చట్టం ప్రాచీన కట్టడాలకు రక్షణ కల్పించగా, 1932 సవరణ ప్రభుత్వేతర సంస్థలు సైతం లైసెన్సు పొంది తవ్వే వీలు కలిగించింది.

చోటుకు విలువ తెచ్చినది తవ్వకపు పద్ధతిలో వచ్చిన మార్పు. 1944లో తక్షశిలలో మార్టిమర్ వీలర్ నడిపిన శిక్షణ శిబిరంలో నేలను చదరాలుగా విభజించడం, చదరాల మధ్య తవ్వని మట్టిగట్లు వదలడం, ఆ గట్ల అంచున కనిపించే పొరలను గీసుకుని ప్రతి కుండపెంకుకూ దాని పొర సంఖ్యతో చీటీ కట్టడం భారతీయ విద్యార్థులకు అలవడ్డాయి. ఆ తర్వాత, నాగార్జునసాగర్ జలాశయంలో మునగనున్న నాగార్జునకొండ లోయను, అక్కడి చోటు సాక్ష్యం నీటిపాలు కాకముందే, 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో విస్తృతంగా తవ్వారు.

1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం రాష్ట్ర ప్రభుత్వాలు సైతం కేంద్రం ముందస్తు ఆమోదం లేకుండా తవ్వకం చేపట్టరాదని నిర్దేశించింది. 1959 నియమాల కింద లైసెన్సు ఇచ్చేముందు దరఖాస్తు చేసిన సంస్థ స్థాయి, తవ్వకం నడిపే వ్యక్తి అర్హత, సిబ్బంది చాలినంత ఉన్నారా లేదా అన్నవి పరిశీలిస్తారు. అందువల్ల ఆసక్తి గలవారు సొంతంగా పార పట్టడం కాక, విశ్వవిద్యాలయ శాఖలోనో పురావస్తు శాఖలోనో లైసెన్సు గల బృందంలో చేరి, పెంకులు కడగడంతో, చీటీలు రాయడంతో పని నేర్చుకోవడమే సరైన మార్గం.

శిలాజాల విషయంలో చట్టాల ఈ పరిణామం వెనుకబడింది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలోనే కర్నూలు ప్రాంతపు బిల్లసర్గం గుహల్లో జంతువుల ఎముకలు వెలికితీయించాడు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబడి ఉంది. అయినా భూవారసత్వ స్థలాలకూ శిలాజాలకూ ప్రత్యేకించిన కేంద్ర బిల్లు ముసాయిదా 2022లో గాని వెలువడలేదు. పది రూపాయల పాతరకు 1878లోనే దక్కిన చట్టం, జురాసిక్ కాలపు ఎముకకు అప్పటికింకా ముసాయిదా దశలోనే ఉంది.