మోకాళ్ల నొప్పికి గంజాయి: వాడుక వేరు, రుజువు వేరు

మోకాళ్ల అరుగుదలకు గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీని సిఫారసు చేసేవారు మొదట చెప్పేది దాని ప్రాచీనత. మన వైద్యంలో గంజాయి వాడుక పాతదే. ఆయుర్వేదం ఆ మొక్కను విజయ అంటుంది. అయితే ఆ వాడుకను పరీక్షకు పెట్టిన చరిత్ర కూడా మన గడ్డ మీదే మొదలైంది. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు విలియం ఓషానెస్సీ స్థానికుల అనుభవాన్ని సేకరించి, ముందు జంతువులకు, తర్వాత కీళ్లవాతం రోగులకు గంజాయి జిగురు ఇచ్చి, ఫలితాలను 1839లో వెల్లడించాడు. కొందరికి బాధ తగ్గింది. ఒకరికి మాత్రం ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు ఎలా పెడితే అలాగే నిలిచిపోయాయి. ఆయన మేలునూ కీడునూ రెండింటినీ రాశాడు. ఆయన విలువ అక్కడే ఉంది.

ఆ తర్వాత గంజాయి సారం లండన్ మందుల షాపులకు చేరింది, 1850లో అమెరికా అధికారిక ఔషధ గ్రంథంలోనూ చోటు సంపాదించింది. కానీ ఒక్కో సరుకు ఒక్కో బలంతో ఉండేది. ఎంత మోతాదు ఇవ్వాలో తేలేది కాదు. నిలకడగా పనిచేసే ఇతర మందులు వచ్చాయి, చట్టాలు బిగిశాయి. 1942 నాటికి ఆ గ్రంథం నుంచి దాని పేరు తొలగిపోయింది. పాత చిక్కుకు జవాబు రసాయన శాస్త్రం ఇచ్చింది. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ సీబీడీని వేరుచేశాడు. 1963లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్ బృందం దాని నిర్మాణాన్ని తేల్చింది. మత్తు కలిగించే టీహెచ్‌సీ వేరే పదార్థమని మరుసటి ఏడాదికల్లా స్పష్టమైంది. కాబట్టి ఓషానెస్సీ రోగులకు కలిగిన ఉపశమనాన్ని సీబీడీ ఖాతాలో వేయలేం: ఆయన ఇచ్చినది అన్నీ కలిసిన జిగురు, చూసిన జబ్బు మోకాలి అరుగుదలే అనలేం, పోల్చి చూడటానికి మందు లేని గుంపూ లేదు.

ఆ పోలికను వియన్నా వైద్యులు చేశారు. మోకాలి అరుగుదలతో బాధపడే 86 మందిలో కొందరికి పారాసెటమాల్‌తో పాటు రోజుకు 600 మిల్లీగ్రాముల సీబీడీ, మిగిలినవారికి పారాసెటమాల్‌తో పాటు మందు లేని ఉత్త మాత్రలు ఎనిమిది వారాలు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ నొప్పి దాదాపు సమానంగా తగ్గింది. ‘నాకు తగ్గింది కదా’ అనేవారి మాట అబద్ధం కాదు. ఉత్త మాత్ర మింగినవారికీ తగ్గింది. మోతాదు చాలలేదనడమూ కుదరదు. అది చిన్న మోతాదు కాదు. ఒక్క పరీక్షతో తలుపు మూసుకుపోదు, నిజమే. కానీ రుజువు చూపాల్సిన బాధ్యత అమ్మేవారిదే. సీబీడీ కాలేయంపై ప్రభావం చూపగలదు, రక్తం పలచబడే మందులతో కలిస్తే ప్రమాదం. అందుకే వాడాలనుకునేవారు ముందు వైద్యుడికి చెప్పాలి. కండరాలకు బలమిచ్చే వ్యాయామాన్నీ బరువు తగ్గడాన్నీ మాత్రం వాయిదా వేయకూడదు.